మా అమ్మాయి ఏం చదువుతోందంటే...

మన సంఘం ఉగాది భోజనాల వరసలో నిలబడినప్పుడు ముందూ వెనకా ఉన్నవాళ్ళు అడిగే ప్రశ్నలు మూడు. "ఇండియా ఎప్పుడెళ్ళొచ్చారు?", "ఇల్లు ఎక్కడ కొన్నారు?", "పిల్లలేం చదువుతున్నారు?" మొదటి రెండిటికీ జవాబు చెప్పడానికి నేనెప్పుడూ తడుముకోలేదు. మూడోదాని దగ్గరే మూడేళ్ళ క్రితం చిక్కొచ్చి పడింది.

అది 2023 ఉగాది. వరస నెమ్మదిగా కదిలి పులిహోర దాకా వచ్చింది. నా వెనకనున్న డాక్టరుగారు వాళ్ళబ్బాయికి మెడికల్ స్కూల్లో సీటొచ్చిందని చెప్పి, "మరి మీ అమ్మాయి?" అన్నారు.

"ఇంటర్‌డిసిప్లినరీ స్టడీసండీ" అన్నాను.

ఆయన గౌరవంగా తలపంకించి, "ఓహో, రీసెర్చి వైపా?" అన్నారు.

"ఆ... అలాంటిదే" అంటూ గరిటె అందుకున్నాను. మా అమ్మాయి నా పక్కనే పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. అప్పుడేమీ అనలేదు. కారెక్కాక మాత్రం, "నాన్నా, టీచర్ అని చెప్పడానికి నీకు సిగ్గా?" అంది. నేను రేడియో వాల్యూం కాస్త పెంచాను. మా ఆవిడ తగ్గించింది.

నేను అబద్ధం చెప్పలేదని ముందుగా మనవి చేసుకుంటున్నాను. మా టెక్సాస్‌లో ఈ డిగ్రీకి అలాంటి పేరు రావడానికి ఒక కారణం ఉంది. 1987లో రాష్ట్ర శాసనసభ ఒక చట్టం చేసింది. టీచరు కాదలచుకున్నవాళ్ళు "ఎడ్యుకేషన్" మేజరుగా డిగ్రీ చెయ్యకూడదు, ఇంకేదైనా విషయంలో చెయ్యాలి, బోధనకు సంబంధించిన కోర్సులు 18 క్రెడిట్లు దాటకూడదు అని దాని సారాంశం. చిన్నపిల్లలకి అన్ని సబ్జెక్టులూ చెప్పాల్సిన టీచరుకి ఒక్క సబ్జెక్టు డిగ్రీ ఏం సరిపోతుంది? అందుకని విశ్వవిద్యాలయాలు లెక్కలూ, సైన్సూ, చరిత్రా, ఇంగ్లీషూ కలిపి "ఇంటర్‌డిసిప్లినరీ స్టడీస్" అని పేరు పెట్టుకున్నాయి. 2019లో ఇంకో చట్టం తెచ్చి మళ్ళీ ఎడ్యుకేషన్ డిగ్రీ ఇవ్వవచ్చన్నారు గాని, చాలాచోట్ల పాత పేరే నిలిచిపోయింది. ఆ పేరు నాబోటి తండ్రులకి బాగా పనికొచ్చిందన్నమాట.

* * *

ఇక్కడ మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మా నాన్నగారు బడిపంతులు. ఎస్.ఎస్.ఎల్.సి. పాసై, బేసిక్ ట్రైనింగ్ స్కూల్లో రెండేళ్ళు శిక్షణ పొంది, 1964లో సమితి బడిలో చేరి, 2003లో రిటైరయ్యారు. ఆ రోజుల్లో ఆ శిక్షణలో గాంధీగారి బేసిక్ విద్య ప్రభావం ఉండేది కాబట్టి పాఠం చెప్పడంతోపాటు తకిలీ వడకడం కూడా నేర్పారట. నాకు గుర్తున్నంతలో ఆయన ఉద్యోగంలో ఎక్కువకాలం ఏకోపాధ్యాయ పాఠశాలల్లోనే గడిచింది. ఐదు తరగతులు, ఒక గది, ఒక వరండా, ఒక పంతులుగారు.

జీతం టైముకి వచ్చిన నెల మా అమ్మ దేవుడికి కొబ్బరికాయ కొట్టేది. రానినెల షావుకారు కొట్లో పద్దు రాయించేది. నాన్నగారు సైకిలు మీద సమితి ఆఫీసుకి పోయి, "రేపు రమ్మన్నారు" అని తిరిగొచ్చేవారు. జనాభా లెక్కలాయనవే, ఎలక్షన్ డ్యూటీ ఆయనదే. ఊళ్ళో పెళ్ళి శుభలేఖల దగ్గర్నుంచి పొలం కాగితాల దాకా ఆయన చేతే రాయించుకునేవారు. ఎదురుపడితే "పంతులుగారండీ" అని నమస్కారం పెట్టేవారు. అదే మనిషి పక్కకి తిరిగి "బతకలేక బడిపంతులు" అనడం నేను చెవులారా విన్నాను. నాకప్పుడు తొమ్మిదేళ్ళు.

నన్ను ఆయన ఇంజనీరింగ్ చదివించారు. ఎంసెట్ ర్యాంకు వచ్చినరోజు బడికి సెలవు పెట్టారు. ఆయన ఊరికే సెలవు పెట్టగా నేను చూసింది ఆ ఒక్కరోజే. 1999లో నేను ఈ దేశం వచ్చాను. తరవాత కథ మీ అందరిదీ నాదీ ఒకటే.

మా అమ్మాయి 2003లో ఇక్కడే పుట్టింది. 2021లో బయాలజీలో చేరింది, డాక్టరీ వైపు వెళ్ళాలని. మొదటి సంవత్సరంలో చేతి ఖర్చుల కోసం విశ్వవిద్యాలయం దగ్గరున్న ఒక ఎలిమెంటరీ స్కూల్లో వారానికి ఆరు గంటలు ట్యూటరుగా కుదిరింది. అక్కడొక మూడో తరగతి పిల్లాడికి చదవడం రాదు. బొమ్మ చూసి మాట ఊహించి చెప్పేవాడట. "గుర్రం" అని రాసి ఉంటే, బొమ్మలో గాడిదలా ఉందని "గాడిద" అనేసేవాడు. మా అమ్మాయి వాడికి అక్షరానికీ శబ్దానికీ ఉన్న సంబంధం ఒక్కొక్కటే నేర్పుకుంటూ వచ్చింది. మూడు నెలలకి వాడు బస్సు మీద రాసినది తనంతట తాను కూడబలుక్కుని చదివి, దీని చెయ్యి పట్టుకుని ఆపి, మళ్ళీ చదివి వినిపించాడట. ఆ వేసవిలో ఇంటికొచ్చి భోజనాల బల్ల దగ్గర ప్రకటించింది: "నేను మేజర్ మారుస్తున్నాను. టీచర్ అవుతాను."

నేను చెయ్యగలిగిన వాదనలన్నీ చేశాను. జీతాల సంగతి చెప్పాను. "డాక్టరయ్యాక కూడా పిల్లలకి సేవ చెయ్యొచ్చు కదా" అన్నాను. ఏదీ పనిచెయ్యలేదు. చివరికి బ్రహ్మాస్త్రం వేశాను. "తాతయ్యని అడుగుదాం" అన్నాను. అడిగితే ఆయన సంతోషిస్తారనీ, నేను ఓడిపోతాననీ లోపల భయమే. అయినా మర్యాదగా ఓడిపోవడానికి అదొక దారి అనుకున్నాను.

ఫోన్లో విషయం విని నాన్నగారు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత, "వద్దురా" అన్నారు. "నేను పంతుల్ని కాబట్టే నిన్ను పంతుల్ని చెయ్యలేదు. నువ్వు అంతదూరం వెళ్ళింది మళ్ళీ అది ఇక్కడికి రావడానికా?"

నేను గెలిచాను. కాని ఆ గెలుపు నాకు అన్నం సహించనివ్వలేదు. ముప్ఫై తొమ్మిదేళ్ళు చేసిన పనిని ఆయన ఒక్క మాటతో "ఇక్కడ" అనేశారు, అదేదో గుంట అయినట్టు. మా అమ్మాయి మాత్రం ఏడవలేదు, అరవలేదు. "సరే తాతయ్యా, మీరు వద్దన్నారని గుర్తుపెట్టుకుంటాను" అని, వారం తిరక్కుండా మేజరు మార్చేసింది.

* * *

నిజం చెప్పొద్దూ, ఆ చదువులో చదవడానికేముంటుందో నాకు తెలీదు. చిన్నపిల్లలకి చెప్పే లెక్కలు మనకు రావా? ఏ, బి, సి, డి.లు రావా? ఓపికుంటే చాలదా? నాలుగేళ్ళెందుకు, 120 క్రెడిట్లెందుకు? మీలో చాలామంది ఇప్పుడు ఇదే అనుకుంటూ ఉండవచ్చు. నా కళ్ళు తెరిపించిన సంగతులు రెండు చెబుతాను.

ఒక శనివారం మా ఇంట్లో పదిమందిమి చేరాం. ముగ్గురు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు, ఒక సివిల్ ఇంజనీరు, ఒక గుండె డాక్టరు, మిగతావాళ్ళు. మా అమ్మాయి తలా ఒక కాగితమిచ్చి, "ఒకటీముప్పావుని అరతో భాగించండి" అంది. పది సెకన్లలో అందరం మూడున్నర అన్నాం. అరని తిరగేసి గుణించడమే కదా! "ఇప్పుడు ఆ లెక్కకి సరిపోయే కథ ఒకటి చెప్పండి, ఐదో తరగతి పిల్లలకి అర్థమయ్యేట్టు" అంది.

సివిల్ ఇంజనీరుగారు వెంటనే, "ఒకటీముప్పావు పిజ్జా ఉందమ్మా. దాన్ని సగం సగం చేసి ఇద్దరికి పంచితే..." అన్నారు.

"ఒక్కొక్కరికి ఎంత వస్తుంది అంకుల్?"

"ముప్పావు కంటే కాస్త ఎక్కువ..." అని ఆగిపోయారాయన. జవాబు మూడున్నర రావాలి కదా! ఆయన చేసింది రెండుతో భాగించడం. అరతో భాగించడం కాదు. డాక్టరుగారు ఇంకో కథ ఎత్తుకున్నారు, అదీ రెండుతో భాగించడమే. నేను ప్రయత్నించాను, నాదీ అంతే. పదిమంది పట్టభద్రులం, అందరికీ జవాబు వచ్చు, ఒక్కరికీ అది ఎందుకు అవుతుందో చెప్పడం రాలేదు.

ఇది మా అమ్మాయి సొంతంగా కనిపెట్టిన చమత్కారం కాదు. లిపింగ్ మా అనే ఆవిడ చైనాలోనూ అమెరికాలోనూ ఎలిమెంటరీ టీచర్లు ఇదే లెక్కకి ఇచ్చిన జవాబుల్ని పోల్చి, 1999లో ఒక పుస్తకం రాశారు. అమెరికా టీచర్లలో సగంమందికి పైగా సరైన జవాబే ఇవ్వలేకపోయారు. సరైన కథ చెప్పగలిగినవాళ్ళయితే దాదాపు లేరు. చైనా టీచర్లందరూ లెక్క సరిగ్గా చేశారు, చాలామంది కథలూ చెప్పారు. ఆ చైనా టీచర్లకి మనలాంటి పెద్ద డిగ్రీలేమీ లేవు. వాళ్ళు చదివింది మన లెక్కన పదో తరగతి లోపు, ఆపైన రెండుమూడేళ్ళ టీచరు ట్రైనింగు. అంటే మా నాన్నగారి చదువే!

ఆ ఆలోచన రాగానే మా అమ్మాయి మర్నాడు పొద్దున్నే వాళ్ళ తాతకి ఫోన్ చేసింది. నేను పక్కనే ఉన్నాను. ఆయన విని, "ఇదేమంత బ్రహ్మవిద్యే తల్లీ?" అన్నారు. "మానెడు బియ్యం, దానిమీద ఇంకో ముప్పావు మానిక ఉన్నాయి. అరమానిక అంటే ఏవిటి? తవ్వ. తవ్వతో కొలువు. మానెడులో రెండు తవ్వలు. ముప్పావు మానికలో ఒక తవ్వా, పైన ఒక సోలా. మొత్తం మూడు తవ్వలూ ఒక సోలా. సోలంటే తవ్వలో సగం. అందుకని మూడున్నర."

అక్కడితో ఆగలేదు. "పిల్లలు ఎక్కడ తప్పుచేస్తారో తెలుసా? మిగిలింది పావు మానికే కదా, జవాబు మూడుంబావు కదా అంటారు. అప్పుడు తిట్టకూడదు. దేంతో కొలుస్తున్నావురా అని అడగాలి. వాడే దిద్దుకుంటాడు."

మా అమ్మాయి మొహం చూడాలి మీరు! ఆ వారం క్లాసులో వాళ్ళ ప్రొఫెసరు గంటసేపు చెప్పింది సరిగ్గా ఈ పొరపాటు గురించేనట. సబ్జెక్టు తెలియడం వేరు, ఆ సబ్జెక్టు పిల్లల బుర్రలో ఎక్కడ చిక్కుపడుతుందో తెలియడం వేరు. ఈ రెండో జ్ఞానానికి లీ షుల్మన్ అనే పండితుడు 1986లో ఒక పేరుపెట్టి, టీచరుకి ప్రత్యేకమైన విద్య ఇదే అన్నాడు. మా నాన్నగారికి ఆ పేరు తెలీదు. సోలా తవ్వా తెలుసు.

"తాతయ్యా, ఇది మీకెవరు నేర్పారు?" అనడిగింది.

"ట్రైనింగులో మా మాస్టారు. 1963లో" అన్నారాయన. గొంతు కొంచెం మారింది. ఆ రోజు తరవాత "వద్దు" అన్న మాట మళ్ళీ ఎత్తలేదు. "కానీ" అని కూడా అనలేదు. వారానికోసారి ఫోన్లో "ఈ వారం ఏం పాఠం?" అని అడగడం మొదలుపెట్టారు.

కొన్నాళ్ళకి మా అక్క, ఇంట్లో పాత పెట్టె సర్దుతూ, నాన్నగారి ట్రైనింగునాటి పాఠ్యపథకాల నోటుబుక్కు దొరికితే ఫోటోలు తీసి పంపింది. గుండ్రటి అక్షరాలు, ఎర్రసిరాతో గీసిన గళ్ళు. ఉద్దేశాలు, ఉన్ముఖీకరణ, ప్రదర్శన, పునశ్చరణ, ఇంటిపని. మా అమ్మాయి తన కంప్యూటరులో ఉన్న లెసన్ ప్లాన్ పక్కన పెట్టి చూపించింది. ఇంగ్లీషు పేర్లు వేరు, గళ్ళు అవే. హెర్బార్ట్ అనే జర్మన్ తత్త్వవేత్త శిష్యులు పాఠానికి ఏర్పరచిన మెట్లు ఒకవైపు మద్రాసు మీదుగా తెనాలికీ, ఇంకోవైపు అట్లాంటిక్ దాటి టెక్సాస్‌కీ చేరాయన్నమాట.

* * *

రెండో సంగతి నా సొంత పరాభవం. గుడిలో ఆదివారం తెలుగు క్లాసు చెప్పడానికి నేను వాలంటీరునని మీకు తెలుసు. మన సంఘంలో అందరూ అడిగేది ఒకటే, "పిల్లలు రెండేళ్ళు వచ్చినా గుణింతాలు దాటరేమండీ?" అని. తప్పు పిల్లలదే అనుకునేవాణ్ణి. ఒక ఆదివారం మా అమ్మాయి వచ్చి వెనక బెంచీలో కూర్చుని, ఏదో కాగితం మీద గీతలు గీసుకుంది. ఇంటికొచ్చాక, "చెప్పనా, వద్దా?" అంది. చెప్పమన్నాను.

"నలభైఐదు నిమిషాల క్లాసులో ముప్ఫైఎనిమిది నిమిషాలు నువ్వే మాట్లాడావు. ముప్ఫైఒక్క ప్రశ్నలడిగావు. అందులో ఇరవైరెండింటికి నువ్వే జవాబు చెప్పేశావు. ప్రశ్న అడిగాక సగటున ఒక సెకను ఆగావు, నాన్నా."

మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల్లోనే క్లాసురూములు రికార్డు చేసి ఈ సంగతి బయటపెట్టిందట. టీచర్లు ప్రశ్న వేసి ఒక్క సెకను మాత్రమే ఆగుతారు, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పెద్దవవుతాయి, మాట్లాడని పిల్లలు కూడా మాట్లాడతారు అని. మూడు సెకన్లు! మరుసటి ఆదివారం ప్రయత్నించాను. "'క'కి కొమ్మిస్తే ఏమవుతుంది?" అని అడిగి, మనసులో ఒకటీ, రెండూ, మూడూ లెక్కపెట్టాను. ఆ మూడు సెకన్లు నాకు మూడు యుగాల్లా గడిచాయి. మూడో సెకనులో, ఏడాదిగా నోరు విప్పని ఒక పాప "కు" అంది.

చదవడం నేర్పడం గురించి కూడా ఆ రోజుల్లోనే తెలుసుకున్నాను. మన తెలుగులో అక్షరమూ శబ్దమూ కలిసి నడుస్తాయి. వర్ణమాల, గుణింతాలు, వత్తులు వచ్చిన పిల్లాడు అర్థం తెలియకపోయినా ఏ మాటనైనా పైకి చదవగలడు. ఇంగ్లీషుకి ఆ సుఖం లేదు. అందుకే ఇక్కడ దశాబ్దాలపాటు తగువు నడిచింది. మాటని మొత్తంగా చూసి, సందర్భాన్నిబట్టి ఊహించనివ్వాలని ఒక పక్షం, శబ్దాలు విడదీసి వరసగా నేర్పాలని ఒక పక్షం. 2000లో నేషనల్ రీడింగ్ పానెల్ ఉన్న పరిశోధనలన్నీ జల్లెడపట్టి, శబ్దాలను పట్టుకోవడం, అక్షర శబ్ద సంబంధం, ధారాళంగా చదవడం, పదసంపద, అర్థగ్రహణం అనే ఐదూ కావాలంది. 2021 జనవరి నుంచి మా రాష్ట్రంలో ఎలిమెంటరీ టీచరు కావాలంటే చదవడం నేర్పే శాస్త్రం మీద విడిగా ఒక పరీక్ష పాసవాలి. బొమ్మ చూసి గుర్రాన్ని గాడిదన్న ఆ పిల్లాడు ఈ తగువు మధ్యలో నలిగిన బిడ్డేనని మా అమ్మాయి అంటుంది.

* * *

మన దేశంలోనూ ఈ చదువు మారుతోంది. మా అక్క 1994లో బి.ఎడ్. చేసినప్పుడు అది ఒక ఏడాది కోర్సు. రెండు మెథడ్సులో కలిపి నలభై పాఠాలు చెప్పి, రికార్డులు రాసి, డి.ఎస్.సి. కోసం ఎదురుచూసింది. 2015 నుంచి బి.ఎడ్. రెండేళ్ళయింది. ఇంటరు తరవాత నేరుగా నాలుగేళ్ళు చదివే పద్ధతి మైసూరు రీజినల్ కాలేజీలో 1960ల నుంచీ ఉంది. 2020 జాతీయ విద్యావిధానం ఆ పద్ధతే దేశమంతటా రావాలంది. 2023లో కొన్ని సంస్థల్లో మొదలుపెట్టారు కూడా.

ఈ దేశంలో మొదటి ప్రభుత్వ టీచరు ట్రైనింగ్ స్కూలు 1839లో మసాచుసెట్స్‌లోని లెక్సింగ్టన్‌లో ముగ్గురు అమ్మాయిలతో మొదలైంది. అలాంటి "నార్మల్ స్కూళ్ళే" పెరిగి పెద్దవై అనేక రాష్ట్ర విశ్వవిద్యాలయాలయ్యాయి. మన పిల్లలు కంప్యూటర్ సైన్సు చదవడానికి వెళ్ళే డెంటన్‌లోని విశ్వవిద్యాలయం కూడా 1890లో టీచరు ట్రైనింగ్ కాలేజీగానే పుట్టింది.

శాన్ మార్కస్‌లోని ఇలాంటి టీచర్స్ కాలేజీలో ఒక బీద కుర్రాడు చదివాడు. డబ్బు చాలక మధ్యలో చదువాపి, 1928లో కొటులా అనే చిన్న ఊళ్ళో మెక్సికన్ కూలీల పిల్లలకి పాఠాలు చెప్పాడు. అతనే తరవాత ప్రెసిడెంటయిన లిండన్ జాన్సన్. 1965 ఏప్రిల్‌లో పాఠశాల విద్యకు కేంద్ర సహాయం ఇచ్చే పెద్ద చట్టం మీద, తను మొట్టమొదట చదువుకున్న బడి దగ్గర, తన మొదటి టీచరమ్మని పక్కన కూర్చోబెట్టుకుని సంతకం చేశాడు. అదే ఏడాది అక్టోబరులో స్వేచ్ఛాదేవత విగ్రహం పాదాల దగ్గర ఇంకో చట్టం మీద సంతకం చేశాడు. దేశాలవారీ కోటాలు తీసేసి, మనబోటి డాక్టర్లకీ ఇంజనీర్లకీ ఈ దేశం తలుపు తెరిచిన ఇమ్మిగ్రేషన్ చట్టం అది. మనందర్నీ ఇక్కడికి రానిచ్చినవాడు ఒకప్పటి బడిపంతులండీ! ఇది మా అమ్మాయి చెబితేగాని నాకు తెలీదు.

* * *

2025 జనవరి నుంచి మా అమ్మాయి చివరి సెమిస్టరు, క్లినికల్ టీచింగ్. పధ్నాలుగు వారాలు, పొద్దున్న ఏడింటికల్లా స్కూల్లో ఉండాలి. జీతం లేదు. పైగా ఆ క్రెడిట్లకి ఫీజు మనమే కట్టాలి. రాత్రి పదకొండు దాకా మర్నాటి పాఠం తయారు చేసుకునేది. ఇరవై నిమిషాల పాఠానికి మూడు గంటలు. పాఠాన్ని వీడియో తీసుకుని, తన తప్పులు తనే చూసి రాసుకునేది. ఒకరాత్రి ఫోన్ చేసి ఏడ్చింది. రెండో తరగతిలో ఒక పిల్లకి కూడికలో పదులు మోసుకుపోవడం ఎంత చెప్పినా ఎక్కడంలేదట. "నేను మూడు రకాలుగా చెప్పాను నాన్నా. నాలుగోది నాకు తెలీదు."

నా దగ్గరా నాలుగోది లేదు. "తాతయ్యకి ఫోన్ చెయ్యి" అన్నాను. ఈసారి బ్రహ్మాస్త్రంగా కాదు. ఆయన చింతపిక్కలు పదేసి మూట కట్టించే ఉపాయం చెప్పారు. అక్కడ చింతపిక్కలు లేవు, ఐస్‌క్రీం పుల్లలూ రబ్బరు బాండ్లూ వాడింది. ఆ పిల్లకి అర్థమైందా అంటే, ఆ వారం కాలేదు. పై వారం అయింది.

మేలో డిగ్రీ వచ్చింది, పరీక్షలన్నీ పాసై సర్టిఫికెట్టూ వచ్చింది. ఆగస్టులో ఒక పబ్లిక్ స్కూల్లో రెండో తరగతి టీచరుగా చేరింది. క్లాసులో ఇరవైఇద్దరు పిల్లలు. మా రాష్ట్రంలో నాలుగో తరగతి వరకూ అంతకు మించకూడదని చట్టం. ఆ మాట వినగానే నాన్నగారు ఫోన్లో నవ్వారు. "ఇరవైఇద్దరేనా? నాకు డెబ్భైమంది. ఐదు తరగతులు!" అన్నారు. కాసేపాగి, "ఇరవైఇద్దరూ దానికి పేరుపేరునా తెలుసుంటార్రా" అన్నారు.

అంతా బాగుందని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టను. తనతోపాటు స్కూల్లో చదివిన పిల్లలకొచ్చే మొదటి జీతంలో దీనికి సగంకూడా రాదు. గది గోడలకి అంటించే కాగితాలు దగ్గర్నుంచి సొంత డబ్బుతో కొంటోంది. కొన్ని శుక్రవారాలు ఇంటికొచ్చి మాట్లాడకుండా పడుకుంటుంది. ఎంతకాలం ఈ పని చేస్తుందో నేను చెప్పలేను. ఈ వృత్తిలో మొదటి ఐదేళ్ళలో మానేసేవాళ్ళు తక్కువేమీ కాదు. కాని ఇంజనీరుగా పాతికేళ్ళు పనిచేసిన నేను నా పని గురించి ఇంత లోతుగా ఎప్పుడు ఆలోచించానా అని, దాన్ని చూసినప్పుడు అనుకుంటూ ఉంటాను.

మనం ప్రతి సభలోనూ గురువుని దేవుడితో సమానం చేసి శ్లోకం చదువుతాం. సెప్టెంబరు 5న రాధాకృష్ణన్‌గారి ఫోటోకి దండ వేస్తాం. మన పిల్లల్లో ఒకరు ఆ పని చేస్తామంటే మాత్రం, నాలాగే, గరిటె అందుకుని మాట మారుస్తాం. రేపు మీ ఇంట్లో ఏ అబ్బాయో అమ్మాయో టీచరవుతానంటే వెంటనే సరేననమని నేను చెప్పను. జీతం సంగతి మాట్లాడండి, కష్టం సంగతి మాట్లాడండి. కాని అదొక చదువే కాదన్న మాట మాత్రం అనకండి. అనేముందు ఒకటీముప్పావుని అరతో భాగించి, ఒక కథ చెప్పి చూడండి.

ఆఖరుగా ఒక ప్రకటన. ప్రతి నెలా మొదటి ఆదివారం, తెలుగు క్లాసుకి గంట ముందు, మా అమ్మాయి మన వాలంటీరు టీచర్లకి పాఠం చెప్పే పద్ధతులు నేర్పుతోంది. ఫీజు లేదు. కాఫీ నేను పెడతాను. ఇప్పటికి ఏడుగురం వస్తున్నాం. పులిహోర దగ్గర నన్నడిగిన డాక్టరుగారు కూడా వస్తున్నారు. పోయిన నెల వరసలో నిలబడి మళ్ళీ అడిగారాయన, "మీ అమ్మాయి ఏం చేస్తోందన్నారు?" అని. తెలిసే అడిగారు, ముసిముసిగా నవ్వుతూ.

"టీచరండీ. రెండో తరగతి" అన్నాను.

అందరికీ ఉగాది శుభాకాంక్షలు.